నేల అందే ఎత్తులో

నేను మోటారుసైకిలుని. పేరు మీటియర్ 350. చెన్నై దాటి కాంచీపురం వైపు వెళ్తే ఒరగడం, వల్లం వడగల్ అనే ఊళ్లు వస్తాయి. రాయల్ ఎన్‌ఫీల్డ్ బండ్లు ఈ కాలంలో పుట్టే నేల అది. మా వంశం చాలా పాతది. 1901లో ఇంగ్లండులోని రెడిచ్‌లో మా తొలి మోటారుసైకిలు తయారైంది. 1932లో బుల్లెట్ అన్న పేరు పుట్టింది. 1955లో మద్రాసు మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడ్డాక, తిరువొత్తియూరు బుల్లెట్లకు కొత్త పుట్టిల్లయింది. ఇంగ్లండులో మా ఫ్యాక్టరీలు మూతపడినా ఇక్కడ మాత్రం తయారీ ఆగలేదు. నా పేరు కూడా వంశంలో ఉన్నదే. 1950లలో మీటియర్ అనే రెండు సిలిండర్ల బండి ఒకటి ఇంగ్లండు రోడ్ల మీద తిరిగింది. 2020 నవంబరులో కొత్త ఇంజనుతో ఆ పేరు మళ్లీ వచ్చింది. నేను ఆ తరం దాన్ని.

నా గుండె గురించి ముందు చెప్పాలి. ఒకే సిలిండరు, 349 సీసీ. పిస్టన్ కదిలే గొట్టం వెడల్పు 72 మిల్లీమీటర్లు, అది కిందికీ పైకీ నడిచే దూరం 85.8 మిల్లీమీటర్లు. వెడల్పు కన్నా నడక పొడుగు కావడం నా స్వభావాన్ని నిర్ణయించింది. ఇలాంటి ఇంజను కేకలు పెట్టి పరుగెత్తదు. నిదానంగా తిరుగుతున్నప్పుడే బలంగా తోస్తుంది. నా పవర్ 20.2 హార్స్‌పవర్ మాత్రమే. కానీ చక్రాన్ని తిప్పే బలం, అంటే టార్క్, 27 న్యూటన్ మీటర్లు. అది 4,000 ఆర్‌పీఎం దగ్గరే పూర్తిగా అందుతుంది. పవర్ సంఖ్య ఖాళీ హైవే మీద పనికొస్తుంది. సిగ్నల్ దగ్గర రెండో గేరులో మెల్లగా కదిలేటప్పుడు పనికొచ్చేది టార్కే. పాత బుల్లెట్లలో హ్యాండిల్ దాకా వచ్చే వణుకును తగ్గించడానికి నా ఇంజనులో బ్యాలెన్సర్ షాఫ్ట్ పెట్టారు. పిస్టన్ ఒక వైపు గుంజుతుంటే అది రెండో వైపు బరువు వేసి సరిచేస్తుంది.

2022 దసరాకు ముందు హైదరాబాదులో ఒక షోరూంలో నిలబడి ఉన్నాను. ఒక అమ్మాయి తండ్రితో కలిసి వచ్చింది. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లు, గచ్చిబౌలిలో ఒక ఆసుపత్రి ల్యాబులో షిఫ్టుల ఉద్యోగం. మెట్రో ఉంది కానీ రాత్రి షిఫ్టు ముగిసే వేళకు రైళ్లుండవు. అప్పటిదాకా స్కూటీ నడిపింది. నెలకు ఒకటి రెండు ఆదివారాలు ఊరు దాటి పోవాలన్న కోరిక ఆమెది. తండ్రి నల్గొండ వైపు పాత బుల్లెట్ నడిపిన మనిషి. కుడికాలితో గేరు వేయడం, అమ్మీటరు ముల్లు మధ్యకు రాగానే డీకంప్రెసర్ వదిలి కిక్కు కొట్టడం ఆయన ఒంటికి అలవాటైన పనులు. నాకు కిక్కు లేదు, గేరు ఎడమవైపు. ఆయన నా చుట్టూ తిరిగి అన్నీ చూశాడు.

తోటి ఉద్యోగులు ఆమెకు 390 అడ్వెంచర్ అనే బండి కొనమని చెప్పి పంపారు. పవర్‌లో అది నాకు రెట్టింపు. దాని సీటు ఎత్తు 855 మిల్లీమీటర్లు. ఆమె ఎక్కి కూర్చుంటే మునివేళ్లు మాత్రమే నేలను తాకాయి. క్లాసిక్ 350 సీటు 805. హోండా హైనెస్ 800 మిల్లీమీటర్ల ఎత్తులో ఉన్నా బరువు 181 కిలోలే. 3,000 ఆర్‌పీఎం దగ్గరే 30 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చే మంచి ఇంజను దానిది. నా తోబుట్టువు హంటర్ కూడా 181 కిలోలే, సందుల్లో చురుగ్గా తిరుగుతుంది. వేరే షోరూంలకూ వెళ్లి ఆమె ఒక్కోదాని మీదా తీరిగ్గా కూర్చుంది. చివరికి నా దగ్గరికి వచ్చింది. నా సీటు 765 మిల్లీమీటర్లు.

"కాళ్లు పూర్తిగా ఆనుతున్నయా బిడ్డా?" అని అడిగాడు తండ్రి.

"ఆనుతున్నయి నాయినా. మోకాళ్లు కూడా కొంచెం వంగుతున్నయి."

"గట్లనే ఉండాలె. ఇప్పుడు దిగి, వెనక్కి నూకి చూడు."

ఆ మాటతో ఆయన మీద నాకు గౌరవం కలిగింది. నా బరువు 191 కిలోలు. పరుగులో ఆ బరువు తెలియదు. సెల్లారులో స్తంభానికీ గోడకూ మధ్య వెనక్కి లాగేటప్పుడు ప్రతి కిలో తెలుస్తుంది. ఆమె నన్ను తోసింది, సెంటర్ స్టాండ్ వేసింది, మళ్లీ దించింది. తర్వాత తండ్రిని వెనక కూర్చోబెట్టుకుని టెస్ట్ రైడ్‌కు తీసుకెళ్లింది, అదీ సాయంత్రం రద్దీలో. హ్యాండిల్ పూర్తిగా తిప్పి యూటర్న్ కొట్టింది. స్పీడ్ బ్రేకర్ మీద ఇద్దరి బరువుతో ఎక్కించి దించింది. ఎత్తు మీద ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ కదిలించింది. షోరూం వెనకాల ఖాళీ రోడ్డు మీద ఏ బండైనా హాయిగానే ఉంటుంది. ఏ బండి హాయో తేలేది ఈ నాలుగు పరీక్షల్లోనే.

దసరా రోజు నా చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి. నుదుటికి పసుపు, కుంకుమ అద్దారు. ఆ రోజు నుంచి నేను ఆ ఇంటిదాన్ని.

నా వారం మలక్‌పేట, చాదర్‌ఘాట్, కోఠి, నాంపల్లి, మాసాబ్‌ట్యాంక్, మెహదీపట్నం మీదుగా నడుస్తుంది. టోలిచౌకి దాటాక షేక్‌పేట ఫ్లైఓవర్ ఎక్కితే కాసేపు గాలి పీల్చుకుంటాను. 2022 జనవరిలో తెరిచిన ఆ వంతెన దాదాపు 2.8 కిలోమీటర్లు. అంతకు ముందు దారంతా ఆగడం, కదలడం. ఆమె రెండో గేరులో ఉంచి క్లచ్ పూర్తిగా వదిలేస్తే యాక్సిలరేటర్ పెద్దగా తిప్పకుండానే నేను సాగిపోతాను. ఎడమ చేతికి విశ్రాంతి దొరుకుతుంది. గేరు పెడల్‌కు మడమ వైపు కూడా మీట ఉంది. పైగేరుకు మడమతో నొక్కితే చాలు, చెప్పు ముందుభాగం అరగదు. కోఠిలో ఆగినప్పుడు రెండు పాదాలూ నేల మీద ఉంటాయి. వానకు తడిసిన రోడ్డు మీద, ఒక పక్క ఆటో, మరో పక్క బస్సు ఉన్నప్పుడు ఆ రెండు పాదాలే ధైర్యం. వాన గట్టిగా పడితే మలక్‌పేట రైలు వంతెన కింద నీళ్లు నిలుస్తాయి. సైలెన్సర్ మునిగే లోతు అనిపిస్తే ఆమె దిగదు, దారి మార్చుకుంటుంది. ముందు 300, వెనక 270 మిల్లీమీటర్ల డిస్కులు, రెండు చక్రాలకూ ఏబీఎస్ ఉన్నా, తడి రోడ్డు మీద ముందు బండికి దూరం పాటించడం నడిపేవాళ్ల పనే. ఆమె పాటిస్తుంది.

నా హాయికి హద్దులున్నాయి. నా ఫుట్‌రెస్టులు ముందుకు ఉంటాయి. అందువల్ల మోకాలు ఎక్కువ మడవకుండా కూర్చోవచ్చు. కానీ గుంత వచ్చినప్పుడు పాదాల మీద లేచి నిలబడటం కుదరదు. దెబ్బ నేరుగా నడుముకు తగులుతుంది. అందుకే గుంతల దారిలో నన్ను మెల్లగా నడపాలి. మే నెల మధ్యాహ్నం రద్దీలో ఇంజను వేడి పిక్కలకు తెలుస్తుంది; గాలి, ఆయిల్ కలిసి చల్లబరిచే ఇంజనుకు కదలికే ఊపిరి. రోజూ ఇరుకు గల్లీల్లోనే తిరిగేవాళ్లకు నాకన్నా తేలికైన బండి మేలు. ఎగుడుదిగుడు మట్టి దారుల్లో తిరిగేవాళ్లకు ఎత్తయిన బండి మేలు.

ఆదివారం నా మరో జీవితం మొదలవుతుంది. ఔటర్ రింగు రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు. శ్రీశైలం దారి పట్టడానికి దాని అవసరమూ లేదు. పహాడీ షరీఫ్, తుక్కుగూడ దాటి, కడ్తాల్, ఆమనగల్లు మీదుగా కల్వకుర్తి చేరతాం. అది 765వ నంబరు జాతీయ రహదారి; నా సీటు ఎత్తుకూ ఆ దారి నంబరుకూ కలిసిన అంకె చూసి ఆమె మురిసిపోతుంది. వెనక తండ్రి కూర్చుంటాడు. బయల్దేరే ముందు ఆమె వెనక షాక్ అబ్జార్బర్ల స్ప్రింగును బిగిస్తుంది. ఆరు మెట్లున్న సర్దుబాటు అది. ఒకరికి ఉన్న మెట్టు ఇద్దరికి చాలదు. వెనక టైరులో గాలి కూడా మాన్యువల్ చెప్పినంత పెంచుతుంది. ఎంత మెత్తని సీటైనా ఈ రెండూ చేయకపోతే వెనకవాళ్ల నడుము పట్టేస్తుంది. నాకు బ్యాక్‌రెస్ట్ ఉంది, ఆయన దానికి ఆనుకుంటాడు. వెనక చక్రానికి చీర కొంగు చుట్టుకోకుండా అడ్డు, పట్టుకోవడానికి పిడి, పాదాలకు ఫుట్‌రెస్టు ఉండాలని మోటారు వాహనాల నియమాలే చెబుతాయి. ఆమె అమ్మ ఎక్కిన రోజు ఆ నియమం విలువ నాకు తెలిసింది.

గంటకు ఎనభై, తొంభై మధ్య నేను పాడుతున్నట్టే ఉంటాను. నూరు దాటిస్తే వెళ్తాను, కానీ ఆ వేగంలో కష్టపడతాను. ఆమెకు అది తెలుసు. గంటకోసారి ఆగి నడుము చాపుకుంటారు. నా ట్యాంకులో 15 లీటర్లు పడతాయి. పోను రాను బెంగ ఉండదు. డిండి చెరువు పక్కన గాలి మారుతుంది. మన్ననూరు చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా ఆ దారి మూసేస్తారు, కాబట్టి చీకటి పడేలోగా తిరిగొచ్చేలా లెక్క వేసుకోవాలి. అడవిలో ఆమె వేగం తగ్గిస్తుంది, హారన్ కొట్టదు. కోతులకు తినడానికేమీ వేయదు. వేస్తే అవి రోడ్డుకు అలవాటుపడి చక్రాల కింద పడతాయి. దోమలపెంట తర్వాత ఘాట్‌లో మూడో గేరు చాలు. దిగేటప్పుడు కూడా అదే గేరు, బ్రేకులు కాగిపోకుండా ఇంజనే పట్టి ఉంచుతుంది.

"మా కాలంల గీ బండుంటే మీ అమ్మను ఇంకెన్ని ఊర్లు తిప్పేటోన్నో" అన్నాడు తండ్రి శ్రీశైలం డ్యాం కనబడే మలుపులో.

"ఇప్పుడైనా ఏమైంది నాయినా? వచ్చే వారం అమ్మను తీస్కొని పోదం."

నా ఆరోగ్యం ఆమె చేతిలోనే ఉంది. అయిదారు వందల కిలోమీటర్లకోసారి చైన్ తుడిచి లూబ్ కొడుతుంది. ఆయిల్ మట్టం అద్దంలో చూస్తుంది. పల్లానికి ముఖం పెట్టి ఎక్కడా ఆపదు. నాకు వెనక గేరు లేదు, ఎత్తు మీదికి 191 కిలోలు లాగాల్సి వస్తుందని తెలుసు.

ఇప్పుడు ఆసుపత్రిలో బండి కొనాలనుకునే ప్రతి అమ్మాయీ ముందు ఆమెనే అడుగుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా ఉన్న బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ గీత దాటితే 40 శాతం. దాంతో మా తరగతి బండ్ల గురించి అడిగేవాళ్లు ఇంకా పెరిగారు. ఆమె ఎవరికీ నా పేరు చెప్పదు. తాళం చేతికిచ్చి, "ముందు కూర్చో. రోజూ ఏ దారిలో పోతావు? వెనక ఎవరు కూర్చుంటారు? ఎక్కడ పార్క్ చేస్తావు?" అని అడుగుతుంది. మొన్న పొడగరి నర్సు ఒకామె నా మీద కూర్చుంది. ఆమె మోకాళ్లు పైకి లేచి హ్యాండిల్ దగ్గరికి వచ్చాయి. "నీకు ఇది కాదు, క్లాసిక్ చూడు" అంది మా అమ్మాయి. ఆ నర్సు వెళ్లి క్లాసిక్ కొనుక్కుంది, ఇప్పుడు రోజూ నా పక్కనే నిలుపుతుంది. ఆమె నన్ను కొనలేదని నాకు రవ్వంత బాధ లేదు. పేరు చూసో, పవర్ చూసో కాక, తన ఒంటికీ తన దారికీ సరిపోయే బండిని ఎంచుకున్న మనిషి ఇల్లు క్షేమంగా చేరుతుంది, వచ్చే ఆదివారం మళ్లీ బయల్దేరుతుంది. మోటారుసైకిలుగా పుట్టిన ఎవరికైనా కావలసింది అదే.