మాస్టు మేస్త్రి

కల్యాణమండపముల పైకప్పులు నానాటికి మిన్నునకు చేరువగుచుండగా, అచ్చట మాడిపోయిన దీపమును మార్చుటకు నిచ్చెన చాలక హైడ్రాలిక్ లిఫ్టు వెలసినది. దాని వెనుకనే, పానాల సంచి భుజమున వ్రేలాడ, రసమట్టము చొక్కాజేబులో తొంగిచూడ, మాస్టు మేస్త్రియు వెలసినాడు.

ఈయన దృష్టి మొదట మనుష్యులపై పడదు, నేలపై పడును. లిఫ్టు నాలుగు జాకీలును సమముగ నానినవని రసమట్టములోని బుడగ సాక్ష్యమిచ్చువరకు ఈయన ఎవరి కుశలప్రశ్నకును బదులు పలుకడు. ఆ బుడగను ఈయన టీకొట్టు బల్లమీదను, బంధువుల యింటి గడపమీదను గూడ పరీక్షించును. ఒక వివాహమున వేదిక ఈశాన్యమునకు వాలినదని గొణుగగా, గొప్ప వాస్తుపండితుడని భ్రమించి పురోహితుడు ఈయనకు తాంబూల మిచ్చెనట.

ఇక లిఫ్టు వెన్నెముకయగు మాస్టు సంగతి. ఒకదానిలో నొకటి యిమిడిన అల్యూమినియపు దూలములలో నొకదానిని నూనె యొత్తిడిచే సిలిండరు పైకి నెట్టగా, తక్కినవానిని గొలుసులు లాగును. దూలము దూలము నొరసికొనకుండ నడుమ నైలాను ప్యాడ్లుండును. ఆ ప్యాడ్ల మరలను బిగించి సడలించుటయందే మేస్త్రి పాండిత్యమంతయు నున్నది. సందు మిక్కిలియైనచో క్రింద వెండ్రుకవాసి కదలిక పైనున్నవానికి భూకంపమగును; తక్కువైనచో మాస్టు పట్టుకొనిపోవును. జంట గొలుసులను ఈయన తోడికోడండ్రనును: "ఒకావిడ మోస్తుంటే ఇంకొకావిడ ఊగుతూ కూర్చోకూడదండీ." నూటికి మూడు పాళ్లు సాగిన గొలుసును యజమాని కన్నీటికైనను కరుగక తీసి పారవేయించును. ఆయుధపూజనాడు మాస్టునకు భక్తితో పసుపుకుంకుమలు పూసి, ప్యాడ్లు జారు త్రోవలో మాత్రము దుమ్ము చేరునని వెంటనే తుడిచివేయును. అమ్మవారు దీని నెట్లు పరిగణించునో నాకు తెలియదు. ఇంతటివాడును తాను పైకెక్కడు. "నా చెవి కిందే ఉండాలండీ" అనును. కళ్లు తిరుగుటయే కారణమని ఆయన శిష్యులు చెప్పుదురు.

ఒక మండపమున, మేస్త్రి ఊరిలో లేని తరుణమున, లిఫ్టు ఊగుట చూచి సహింపలేక స్థూలకాయుడగు మేనేజరు స్వహస్తముతో ప్యాడ్ల మరలన్నిటిని బిగించెను. మాస్టు స్తంభమువలె నిలిచినది, గర్వించినాడు. బక్కపలుచని కరెంటు కుర్రవాడు దీపము మార్చుటకు ఎక్కెను, మార్చెను, దిగలేదు. ఈ జాతి లిఫ్టులో ఎక్కించుటకు మోటారు గలదు గాని, దించునది నూనె తిరిగి తొట్టిలోనికి జారునట్లు పైనుండి క్రుంగు భారమే. కుర్రవాని భారమును బిగిసిన ప్యాడ్లు లెక్కచేయలేదు. క్రింద రెండవ బంతికి ఆకులు వేయుచుండిరి. పైవాడు గారెల వాసన మాత్రము గ్రహించుచు వ్రేలాడుచుండెను.

కబురంది మేస్త్రి ఆటో దిగి వచ్చుసరికి మేనేజరు దించు బొత్తామును అదేపనిగ నొక్కుచుండెను. "చెయ్యి తియ్యండి!" అను కేక మేళమును గూడ నాపినది. దూలములు పైననే చిక్కుకొని సిలిండరు మాత్రము క్రిందికి జారినచో గొలుసులు సడలును, పట్టు విడిచిన క్షణమున అన్నియు నొక్కుమ్మడి కూలును. కావున మేస్త్రి ముందుగ మాస్టును మరికొంచెము పైకే యెత్తెను. దిగవలసినవానిని ఎక్కించుచున్నాడేమని పెండ్లివారు తెల్లబోయిరి. గొలుసులు బిగిసినవని చెవి యానించి తెలిసికొని, క్రిందనుండి యందిన మరలను పావు చుట్టు చొప్పున సడలించి, బొత్తామును తానే నొక్కెను. కుర్రవాడు పల్లకిలో దిగినట్లు దిగి, సరాసరి బంతిలో కూర్చుండెను.

మేనేజరు చెమట తుడుచుకొనుచు, "నేను చేసిన లోపమేమిటోయ్?" అని యడిగెను. మేస్త్రి ఆయనను ఆపాదమస్తకము చూచి, పరమవినయమున, "లోపమేం లేదండీ, తమరే ఎక్కుంటే చక్కగా దిగేది" అనెను.