సున్నా క్రెడిట్ల సన్మానం

మన ఉన్నత విద్య పెద్దలను ఆడిపోసుకోవడం ఈమధ్య బాగా ఎక్కువైంది. చరిత్రను చంపేశారంటారు, తెలుగును తరిమేశారంటారు, తత్వశాస్త్రానికి తలకొరివి పెట్టారంటారు. కళ్లుండీ చూడలేనివాళ్ల మాటలివి. తెలుగు రాష్ట్రాల్లో మానవీయ శాస్త్రాలకు జరుగుతున్న మర్యాద ఇంకెక్కడా జరగదని నేను బల్లగుద్ది చెబుతాను.

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీనే తీసుకోండి. 1939లో ప్రారంభమైన ఆ భవనం ముందు తెల్లవారితే వాకింగ్ చేసేవాళ్లు, పొద్దువాలితే రీల్స్ తీసుకునేవాళ్లు, ముహూర్తం దగ్గరపడితే ఫొటోషూట్ జంటలు. లోపల తత్వశాస్త్రం ఎంఏలో ఎంతమంది ఉన్నారని ఆరా తీయడం మర్యాదస్తుల పని కాదు. గోపురానికి దండం పెట్టి వెళ్లిపోయేవాడు మాత్రం భక్తుడు కాకుండా పోతాడా?

ఇక సెప్టెంబరు 5 వస్తే చూడాలి మన ఇంజనీరింగ్ కాలేజీల గురుభక్తి. రాధాకృష్ణన్ గారి ఫొటోకు బంతిపూల దండ, ప్రిన్సిపాల్ గారి ప్రసంగం, అందరికీ సమోసా. ఆయన జీవితమంతా తత్వశాస్త్రం చెప్పిన మేష్టారు. 1931 నుంచి 1936 దాకా వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా కూడా ఉన్నారు. ఆయన సబ్జెక్టు చెప్పే మనిషి ఆ క్యాంపస్ మొత్తంలో ఒక్కరూ లేకపోవచ్చు, దండ వేయడానికి అదేం అడ్డు కాదు. పది రోజులు తిరిగేసరికి విశ్వేశ్వరయ్య గారి వంతు. మూసీ వరదల తర్వాత హైదరాబాద్‌ను కాపాడే పథకం వేసిన ఆ మహానుభావుడు, పుణె వెళ్లి ఇంజనీరింగ్‌లో చేరకముందు 1881లో బీఏ పాసయ్యారు. ఆ సంగతి మాత్రం సభలో ఎత్తరు. పిల్లలు పాడైపోతారని పెద్దల జాగ్రత్త.

అలాగని వాళ్లకు మానవీయ విద్య అందకుండా చేశారా? ఎంత మాట! ఏఐసీటీఈ 2018 నమూనా సిలబస్ ప్రకారం బీటెక్ చదివే ప్రతి ఒక్కరూ భారత రాజ్యాంగం చదివి తీరాలి. క్రెడిట్లు సున్నా. హైదరాబాద్ జేఎన్‌టీయూ ఆర్18 సిలబస్‌లో ఆడా మగా సమానత్వం గురించి ఒక కోర్సు పెట్టారు. దానికీ సున్నాయే. పేరు మాత్రం జెండర్ సెన్సిటైజేషన్ ల్యాబ్. ల్యాబ్ అని తగిలించకపోతే మన పిల్లలు లోపలికి రారని కనిపెట్టినవారి లోకజ్ఞానానికి జోహార్లు. అమూల్యమైనదానికి విలువ కట్టకూడదన్న సూత్రాన్ని ఇంత నిజాయితీగా పాటించిన విద్యావ్యవస్థ మరొకటి ఉంటే చూపించండి.

ఒక కాలేజీలో ఈ రాజ్యాంగం క్లాసు వెనక బెంచీలో కూర్చుని విన్నాను. శుక్రవారం ఆఖరి పీరియడ్. చెప్పేది మెకానికల్ లెక్చరర్. ఆ బ్రాంచిలో అడ్మిషన్లు పడిపోయి వర్క్‌లోడ్ చాలకపోతే యాజమాన్యం రాజ్యాంగాన్ని ఆయన చేతిలో పెట్టింది. మంచివాడు, పీపీటీ చదువుతూ పోతున్నాడు. ముందు బెంచీ అమ్మాయి లేచి, ‘సార్, ఇది సీజీపీఏలో కలుస్తుందా?’ అని అడిగింది. ‘లేదమ్మా, పాసైతే చాలు’ అన్నాడు. క్లాసంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుని ఫోన్లు తీసింది. పీఠికలో న్యాయం అయిపోయి స్వేచ్ఛ మొదలయ్యేసరికి కింద కాలేజీ బస్సులు స్టార్ట్ చేశారు. సమానత్వం, సౌభ్రాతృత్వం వచ్చే శుక్రవారానికి పడ్డాయి. ఆ శుక్రవారం ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ ఉందని నోటీసు బోర్డులో అప్పటికే అంటించి ఉంది.

భాషల మీద మన మమకారం గురించి వేరే చెప్పాలా? ఇంటర్‌లో చేరే పిల్లలు రెండో భాషగా సంస్కృతం తీసుకునేలా చేసిన ఘనత మనది. వేదభూమి అనిపించుకున్న కాశీలో కూడా ఎంపీసీ పిల్లలు ఇంత ఎగబడి చదువుతారని నేననుకోను. జవాబులు దేవనాగరిలోనే రాయాలన్న చాదస్తం లేదు. ఆ లిపిలో తన పేరు గుర్తుపట్టలేని కుర్రాడికి వందకు 99 వస్తాయి. తెలుగు తీసుకున్నవాడికి అన్ని రావు. తెలుగు పేపరు దిద్దేవాళ్లకు తెలుగు వచ్చు, చిక్కంతా అక్కడే ఉంది.

ఇక అధ్యాపకులు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పే ఆయన్ను చాలాచోట్ల గెస్టు లెక్చరర్ అంటారు. అతిథి దేవో భవ అన్న మాటను ఆచరణలో పెట్టడమంటే ఇదీ. అతిథికి జీతం ఇస్తే అవమానం కనక గంటల లెక్కన ఏదో ముట్టజెబుతారు. సెలవుల్లో అతిథి తన ఇంట్లో తాను ఉంటాడు కనక అప్పుడు అదీ ఉండదు. పదేళ్లు చెప్పినా ఇంటివాణ్ణి చేసుకుని చనువు తీసుకోరు, అతిథిగానే ఉంచుతారు. రెగ్యులర్ పోస్టు సంగతి అడిగితే పిల్లలు చేరడం లేదంటారు. పిల్లలెందుకు చేరడం లేదంటే చెప్పేవాళ్లు లేరంటారు. తర్కశాస్త్రం డిపార్టుమెంటు అవసరం లేదని రుజువు చేయడానికి ఇంతకన్నా మంచి తర్కం దొరకదు.

అన్నిటికన్నా నన్ను కట్టిపడేసే ఏర్పాటు మాత్రం హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఉంది. పదో తరగతి కాగానే హెచ్‌ఈసీ తీసుకుంటానన్న పిల్లను ఇంటిల్లిపాదీ కూర్చోబెట్టి బుజ్జగిస్తారు. మేనమామ ఊరి నుంచి వస్తాడు. పిల్ల ఎంపీసీలో చేరి, ఈఏపీసెట్ రాసి, ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో బీటెక్ పూర్తిచేసి, ఉద్యోగం దొరక్కో దొరికింది నచ్చకో సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని అశోక్‌నగర్‌లో దిగుతుంది. ఇరుకు హాస్టలు గది, మెస్సు భోజనం, చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో తలుపు తీయకముందే క్యూ. గ్రూప్స్ పరీక్షలకు చదివేదేమిటి? హిస్టరీ, ఎకానమీ, పాలిటీ. సివిక్స్ పేరు మార్చుకుని పాలిటీ అయింది, అంతే తేడా. తెలుగులో కాలేజీ చదువు చెప్పడానికని 1968లో తెలుగు అకాడమీని పెట్టారు. దాని పుస్తకాలకు కాలేజీల్లో కన్నా ఇక్కడి ఫుట్‌పాత్ మీద గిరాకీ ఎక్కువ. అంటే ప్రభుత్వం తన డబ్బుతో ఇంజనీరును తయారుచేస్తే, తల్లిదండ్రులు తమ డబ్బుతో ఆ ఇంజనీరును మళ్లీ హెచ్‌ఈసీ చేస్తున్నారు. ఒకే మనిషికి రెండు చదువులు! చరిత్రను పదిహేనేళ్ల పసి వయసులో చదివితే అరగదని, పాతికేళ్లు నిండాక, పెళ్లి సంబంధాలు వాయిదా వేసుకుని చదవాలని నిర్ణయించిన దూరదృష్టిని ఏమని పొగడను?

చదివే తీరు కూడా ఎంతో శుభ్రంగా ఉంటుంది. మోటుపల్లి అభయ శాసనం వేయించినది ఎవరు? ఆప్షన్ బి, గణపతిదేవుడు. ఏ సంవత్సరం? 1244. టిక్కు పెట్టి ముందుకు సాగిపోవడమే. ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే పాత రాజులు మొత్తం లాగేసుకునేవారు. తాను న్యాయమైన సుంకమే తీసుకుంటానని ఆ రాజు రాతి మీద చెక్కించి సముద్రవర్తకులకు మాట ఇచ్చాడు. ఏలేవాడు వ్యాపారికి అభయం ఎందుకివ్వాల్సి వచ్చింది, ఆ మాటను ఎవరు నమ్మారు, సుంకం బరువు చివరికి ఎవరి మీద పడింది, ఇవాళ్టి పెట్టుబడిదారుల సదస్సుల్లో మనం సంతకాలు చేసే కాగితాలకూ ఆ రాతికీ పోలికేమైనా ఉందా? ఇలాంటి పాడు ప్రశ్నలు గ్రూప్-2 బిట్ పేపర్లో రావు. నాలుగు ఆప్షన్లలో పట్టని ప్రశ్న పాలనకు మంచిది కాదని గ్రహించినవారు కనకనే, రేపటి అధికారులకు చరిత్రంతా నేర్పి, అనుమానం ఒక్కటీ రాకుండా కాపాడుతున్నారు.

తెలుగు చదివితే అన్నం పెట్టదన్న మన పెద్దల సలహాను తు.చ. తప్పకుండా పాటించినవాళ్లు అమెరికా వెళ్లారు. అక్కడ డాలర్లు పోగేసి, 2016లో కాలిఫోర్నియాలో సిలికానాంధ్ర విశ్వవిద్యాలయం పెట్టి, కూచిపూడి, కర్ణాటక సంగీతం, తెలుగు నేర్పుతున్నారు. ఇక్కడ మూసేస్తేనేగా అక్కడ తెరవాలన్న బుద్ధి పుట్టేది! ఆ పుణ్యంలో సగం మన పెద్దలకే రావాలి.

కృష్ణా జిల్లా శ్రీకాకుళంలో వెలసిన ఆంధ్రనాయకుణ్ణి కాసుల పురుషోత్తమ కవి ఒక శతకం నిండా ఇలాగే పొగిడాడు. ఆ పొగడ్త ఎలాంటిదో పట్టుకోవడం స్పెషల్ తెలుగు క్లాసులో నేర్పేవారు. పెద్దలు ఆ క్లాసు కూడా ఎత్తేస్తున్నారని విన్నాక నాకు ధైర్యం వచ్చింది. ఏ యూనివర్సిటీ స్నాతకోత్సవానికి కావాలన్నా ఈ వ్యాసం వాడుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు. వేదిక మీదివారు శాలువా సర్దుకుని చప్పట్లు కొడతారనే నా నమ్మకం.