జూమ్‌లో సెలైన్ ఎక్కించే చదువు

ఉద్యోగం మానక్కర్లేదు, ఇల్లు కదలక్కర్లేదు, కాలేజీ గడప తొక్కక్కర్లేదు. రెండేళ్లు గిర్రున తిరిగేసరికి ఎమ్మెస్సీ నర్సింగ్ పట్టా మీ ఇంటికే వచ్చి తలుపు కొడుతుంది. వాట్సాప్‌లో తిరిగే ఇట్లాంటి ప్రకటన చూసినప్పుడల్లా, ఇన్ని అక్కర్లేదన్నవాళ్లు ఫీజు కూడా అక్కర్లేదంటారేమోనని చిన్న ఆశ పుడుతుంది. అనరు. అదొక్కటి ముందే కట్టాలి. సీట్లు అయిపోతున్నాయి కాబట్టి ఇవాళే కట్టాలి. ఇంటర్నెట్‌లో సీట్లు ఎట్లా అయిపోతాయండీ అని అడిగితే ఫోన్ కట్ అవుతుంది.

ప్రకటనలో ఒక బొమ్మ తప్పకుండా ఉంటుంది. తెల్లకోటు వేసుకుని ఆమె సోఫాలో కూర్చుంటుంది. ఒళ్లో ల్యాప్‌టాప్, పక్కన పిల్లాడు, వెనక భుజం మీద చెయ్యేసి భర్త, అందరి మొహాల్లోనూ నవ్వే. కింద "చదువు, కొలువు, కుటుంబం: మూడూ బ్యాలెన్స్" అని ఉంటుంది. పాలమూరులో నైట్ డ్యూటీ దిగి వచ్చిన ఏ సిస్టర్ ఇంటికైనా పొద్దున పూట పోయి చూడండి. ఆ బొమ్మలోని ముగ్గురూ దొరుకుతారు. పిల్లాడు ఏడుస్తుంటాడు, భర్త బండి తాళాల కోసం అరుస్తుంటాడు, ఆమె నిలబడే నిద్రపోతుంటుంది.

ప్రైవేటు నర్సింగ్ హోంలో రాత్రి ఎనిమిదికి చార్జ్ తీసుకుంటే పొద్దున ఎనిమిది దాకా కాలు నిలవదు. ఏ బెడ్డుకు ఏ యాంటీబయాటిక్ ఎన్నింటికి పడింది, ఎవరి యూరిన్ బ్యాగులో ఎంత వచ్చింది, ఎవరి కాన్యులా దగ్గర వాపు వచ్చింది, అన్నీ తర్వాతి సిస్టర్‌కు అప్పజెప్పాలి. మెట్లు దిగాక ఒక కేస్ షీటులో సంతకం మరిచిన సంగతి గుర్తొస్తుంది. మళ్లీ ఎక్కి, పెట్టి, దిగి, షేర్ ఆటో పట్టుకుని ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర. తొమ్మిదింటికి లైవ్ క్లాస్. ఫోన్‌ను జొన్నపిండి డబ్బాకు ఆనిస్తుంది. రొట్టె తట్టాలంటే రెండు చేతులూ కావాలి గనక హాజరు బటన్ మోచేత్తో నొక్కుతుంది. అవతల మేడం స్లైడు చూసి చదువుతుంటారు, ఇవాళ్టి పాఠం డొరోథియా ఓరెం సిద్ధాంతం. ఏ మనిషైనా తన ఒంటిని తాను చూసుకోవాలి, నిద్రా విశ్రాంతీ అందులో ముఖ్యమైనవి, తనను తాను చూసుకోలేని స్థితి వచ్చినప్పుడే ఆ మనిషికి నర్సు అవసరం పడుతుంది, ఇదీ ఆ సిద్ధాంతం సారం. ఈ లెక్కన ఆ క్లాసులో ఉన్న వాళ్లందరికీ తలా ఒక నర్సును పెట్టాలి.

ఇంతకీ ఆ చదువు ఉందా అంటే, మన దేశంలో లేదు. 2020లో యూజీసీ తెచ్చిన నిబంధనల్లో దూరవిద్యలోగానీ ఆన్‌లైన్‌లోగానీ నడపకూడని కోర్సుల జాబితా ఉంది. వైద్యం, దంతవైద్యం, ఫార్మసీ, ఫిజియోథెరపీ, ఇంజినీరింగ్, న్యాయశాస్త్రం, వ్యవసాయం వరసలో నర్సింగూ ఉంది. అదే జాబితాలో హోటల్ మేనేజ్‌మెంట్, కేటరింగ్, పాకశాస్త్రం కూడా ఉన్నాయి. అంటే వంట డిగ్రీ కూడా తెర మీద ఇవ్వడానికి వీల్లేదని ప్రభుత్వం రాసిపెట్టుకుంది. సాంబారుకు ఉన్న పట్టింపు సెలైన్‌కు ఉండదనుకునే ధైర్యం మాత్రం కన్సల్టెన్సీలకే ఉంది. ఫలానా దేశం యూనివర్సిటీతో మాకు ఒప్పందం ఉందంటారా? ఎడ్‌టెక్ కంపెనీలు విదేశీ విద్యాసంస్థలతో కలిసి అమ్మే ఆన్‌లైన్ డిగ్రీలు చెల్లవని యూజీసీ 2023 డిసెంబరులోనే హెచ్చరించింది.

భారత నర్సింగ్ కౌన్సిల్ అయితే ఇంకా మొండిది. థియరీకి 80 శాతం హాజరుతో సరిపెట్టుకుంటుంది గానీ, ప్రాక్టికల్స్ 100 శాతం పూర్తయితే తప్ప పట్టా ఇవ్వొద్దంటుంది. నూటికి నూరు అని రాసింది ఎందుకంటే, వార్డులో తప్పిన రోజును వీడియో రికార్డింగ్‌లో చూసి పూడ్చుకోవడం కుదరదు. ముసలమ్మ చేతిలో నరం ఎక్కడుందో వేలికే తెలియాలి. అది ఒత్తితే జారే నరమా, గుచ్చితే పగిలే నరమా అన్నది ఏ స్లైడులోనూ ఉండదు.

ఈ 100 శాతానికి మనవాళ్లు విరుగుడు ఎప్పుడో కనిపెట్టారు. దాని పేరు నాన్ అటెండింగ్. ఇది ఆన్‌లైన్ కన్నా పాత టెక్నాలజీ, దీనికి ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. కాలేజీ ఉంటుంది, బోర్డు ఉంటుంది, రిజిస్టరులో మీ సంతకం ఉంటుంది, మీరొక్కరే ఉండరు. తనిఖీ ముందురోజు ఫోన్ వస్తుంది: "మేడం, రేపు జెర యూనిఫాం వేసుకొని రాండ్రి, సార్లు వస్తున్నరు." పోయి నిలబడతారు, గ్రూప్ ఫొటో దిగుతారు, సాయంత్రం బస్సెక్కుతారు. ఆ రోజే మొదటిసారి పక్కనున్న క్లాస్‌మేట్ పేరు తెలుస్తుంది. రెండేళ్ల తర్వాత ఇట్లా చదివిన సిస్టర్ చేతికి ఎమ్మెస్సీ వస్తుంది. దాంతో ఎక్కువగా దొరికేది నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం. క్లాసుకు రాని పిల్లల్ని ఆవిడ ఏమని కోప్పడుతుందో వినాలని నాకు భలే కుతూహలం.

దూరవిద్య అంటేనే గిట్టనివాణ్ని అనుకోకండి. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మొదలైంది మన పక్క నల్లగొండ జిల్లా నాగార్జునసాగర్‌లోనే. ఇప్పుడు అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అంటున్నది దాన్నే. దాని మొదటి వీసీ జి. రాంరెడ్డే తర్వాత ఇగ్నోకూ మొదటి వీసీ అయ్యారు. పెళ్లయ్యాక, కొలువులో చేరాక డిగ్రీ పూర్తిచేసినవాళ్లు పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో ఇంటికొకరు కనిపిస్తారు. ఆ ఇగ్నోనే సర్వీసులో ఉన్న నర్సుల కోసం పోస్ట్ బేసిక్ బీఎస్సీ నడిపింది. రెగ్యులర్‌గా రెండేళ్ల కోర్సును మూడేళ్లకు సాగదీసి, పుస్తకాలు ఇంటికి పంపినా, ప్రాక్టికల్స్‌కు మాత్రం మనిషిని ఆసుపత్రికి రప్పించుకుంది. కుటుంబం ఉన్న మనిషికి చదువు చెప్పాలంటే గడువు పెంచాలి. మన ప్రకటనలవాళ్లు గడువు అట్లాగే ఉంచి నిద్ర తగ్గించమంటారు.

అమెరికాలో అందరూ ఆన్‌లైన్‌లోనే చేస్తున్నారు కదా అని ఒక వాదన. చేస్తున్నారు. అక్కడున్న మన తెలుగు సిస్టర్లు కూడా చేస్తున్నారు. కాకపోతే అక్కడ తెర మీద నడిచేది థియరీ. నర్స్ ప్రాక్టీషనర్ కావాలంటే కనీసం 750 గంటలు రోగుల మధ్య పనిచేయాలని 2022 నాటి ప్రమాణాలు చెబుతున్నాయి. ఆ గంటలు దగ్గరుండి చేయించే అనుభవజ్ఞుల కోసం విద్యార్థులు ఊళ్లన్నీ గాలిస్తారు, కొందరు ఎదురు డబ్బిస్తారు. ప్రకటనలో కనిపించే ల్యాప్‌టాప్ వెనక ఇంత తతంగం ఉంది. ఆ తతంగం కూడా వద్దనుకునేవాళ్లకు అక్కడా దారి దొరికింది. ఫ్లోరిడాలో మూడు నర్సింగ్ స్కూళ్ల పేరుతో 7,600కు పైగా దొంగ పట్టాలు అమ్మిన ముఠా గుట్టును 2023 జనవరిలో ఎఫ్‌బీఐ బయటపెట్టింది. కొన్నవాళ్లలో ఇంచుమించు 2,400 మంది లైసెన్సు పరీక్ష కూడా పాసయ్యారు. పేపరు మీద పాసవడానికి వార్డు అక్కర్లేదని అట్లా శాస్త్రీయంగా రుజువైంది. ఆ దాడికి దర్యాప్తు అధికారులు పెట్టిన పేరు ఆపరేషన్ నైటింగేల్. పాపం, దీపం పట్టుకుని మంచం మంచానికీ తిరిగినావిడ పేరు.

అమెరికా దాకా ఎందుకు, మన పాలమూరు పిల్లలమర్రి చెట్టు దగ్గరికి పోదాం. 2017 చివర్లో ఆ చెట్టు కొమ్మ విరిగిపడింది. చూస్తే లోపలంతా చెదలు. 2018లో చెట్టుకు సెలైన్ సీసాల్లో మందు కలిపి, మాను పొడవునా వేలాడదీసి, చుక్క చుక్కగా ఎక్కించారు. ఒక పక్కన పోసిన మందు కారిపోతోందని గమనించి ఈ డ్రిప్ పద్ధతికి మారారు. కారిపోవడం ఎట్లా తెలిసింది? దగ్గర నిలబడి చూశారు గనక తెలిసింది. ఏడొందల ఏళ్ల మర్రిచెట్టు కాబట్టి కదలదు, అరవదు, సూది పీకేసుకోదు. అంత బుద్ధిమంతురాలైన పేషెంటుకే మనుషులు నిలబడి డ్రిప్పు పెట్టారు. జనరల్ ఆసుపత్రిలో తాగొచ్చి పడిపోయినవాడికి డ్రిప్పు పెట్టే విద్య మాత్రం ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చట.

సిస్టర్లు తెలివితక్కువ వాళ్లయి ఈ ప్రకటనలకు పడిపోవడం లేదు. వాళ్ల ముందున్న తలుపులు ఒక్కొక్కటే చూడండి. మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లు. సోమాజిగూడ ప్రభుత్వ నర్సింగ్ కాలేజీలో సీటొచ్చినా రెండేళ్లు హాస్టల్లో ఉండాలి. మట్టి మోయడానికి మగవాణ్నీ ఆడమనిషినీ కలిపి బొంబాయి దాకా పంపిన జిల్లా ఇది. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా పాలమూరు లేబర్ ఉండేవాళ్లని పేరు. అదే ఇంట్లో కోడలు చదువుకోసం హైదరాబాద్ పోతానంటే, "అంత దూరమా బిడ్డా, పిల్లగాన్ని ఎవరు చూస్తరు?" అని అత్త అడుగుతుంది. తట్ట నెత్తిన ఉన్నప్పుడు దగ్గరైన ఊరు పుస్తకం చేతికొచ్చేసరికి దూరమవుతుంది.

పోనీ యాజమాన్యం? చదువు మీద వాళ్లకు చాలా గౌరవం. "చదువుకో తల్లీ, మంచిదే కదా. డ్యూటీలు మాత్రం మారవు." జీతంతో సెలవా? ఆ మాట ఎత్తిన సిస్టర్‌కు వచ్చే నెల నైట్లు ఎక్కువ పడతాయి. బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలని కౌన్సిల్ లెక్క. ఆ లెక్క ప్రకారం నియమిస్తే ఒకరిద్దరిని చదువుకు పంపినా వార్డు నడుస్తుంది. ఎవరూ పంపరు కాబట్టి, పంపాల్సిన బరువంతా బ్యాలెన్స్ అనే పేరు పెట్టి ఆమె నెత్తినే పెట్టారు.

తెలంగాణ సర్కారు ఏం తక్కువ తినలేదు. 2024లో 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. రాతపరీక్షకు 80 మార్కులు, కాంట్రాక్టులోనో ఔట్‌సోర్సింగ్‌లోనో సర్కారు దవాఖానాల్లో చేసిన సేవకు 20. ఎమ్మెస్సీ చేసినామెకు విడిగా ఒక్క మార్కు లేదు. నిజంగా హాస్టల్లో ఉండి, వార్డుల్లో నిలబడి, పిల్లాణ్ని వీడియో కాల్‌లో జోకొట్టి సంపాదించిన పట్టాకూ అంతే విలువ, పోస్టులో వచ్చిన పట్టాకూ అంతే విలువ. ఈ ఒక్క విషయంలో ప్రభుత్వం పూర్తి సమానత్వం సాధించింది.

నిపుణులు ఇచ్చే సలహాలు ఇంకో రకం. నాలుగింటికి లేవండి, టైంటేబుల్ గోడకు అతికించండి, మీకోసం రోజూ అరగంట ఉంచుకోండి, కుటుంబ సభ్యుల సహకారం తీసుకోండి. రాత్రంతా నిద్రలేనామె నాలుగింటికి లేవడం ఎట్లాగో ఎవరూ చెప్పరు. సహకారం తీసుకోవడమంటే అదేదో షెల్ఫులో ఉన్నట్టు, ఈమెకే చెయ్యి అందనట్టు మాట్లాడతారు.

అందుకని నాదొక ప్రతిపాదన. యూజీసీ ఎమ్మెస్సీ నర్సింగ్‌ను తెరకు దూరంగానే ఉంచనీ. దాని బదులు నర్సుల భర్తలకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు పెట్టనీ. థియరీ ఆన్‌లైన్‌లోనే వినొచ్చు, మ్యాచ్ ఓవర్ల మధ్యలో విన్నా అభ్యంతరం లేదు. ప్రాక్టికల్స్‌కు మాత్రం 100 శాతం హాజరు, నాన్ అటెండింగ్ కుదరదు. సొంత తల్లి ఎగ్జామినర్‌గా పనికిరాదు, కళ్లు మూసుకుని డిస్టింక్షన్ ఇచ్చేస్తుంది. లాగ్‌బుక్‌లో రోజూ భార్య సంతకం ఉండాలి, ఆమె నిద్రలో ఉంటే లేపి పెట్టించుకోకూడదు. జొన్నరొట్టె గుండ్రంగా రాకపోయినా పాస్ మార్కులిస్తారు. అర్ధరాత్రి పిల్లాడి ఒళ్లు కాలితే, డ్యూటీలో ఉన్నామెకు ఫోన్ చేయకముందే ఇంట్లో థర్మామీటర్ ఎక్కడుందో చూపించాలి. అది చూపించలేనివాణ్ని అక్కడికక్కడే ఫెయిల్ చేసి, తర్వాతి బ్యాచ్‌లో మొదటి బెంచీలో కూర్చోబెడతారు.