నూనె రాసిన నేరం

జగిత్యాలలో మా ఇంట్లో ఓ ఇల్లుటం అల్లుడున్నాడు. పని చేయడు, పలకడు, పొమ్మన్నా పోడు. మర్యాదకు మాత్రం లోటు రాకూడదు. ఇనుప బీరువాలో పై అర ఆయనదే. నా భార్య పట్టుచీరలు కింది అరకు దిగి చాలాకాలమైంది. ఆయన పేరు .500 ఎక్స్‌ప్రెస్. రెండు గొట్టాల విలాయతీ వేట తుపాకి. నిజాం కాలంలో మా తాత ఓ దొర దగ్గర కొన్నాడు. నిజాం మహబూబ్ అలీ పాషా పులులను కొట్టి తీస్‌మార్ ఖాన్ అనిపించుకున్న రోజుల్లో ఇలాంటివి అడవుల్ని అదరగొట్టాయి. మాది ఇప్పుడు దగ్గనైనా దగ్గదు. తూటా లేదు.

ఎందుకు లేదంటే అది రాజ్యాల గొడవ. 1907 ప్రాంతంలో ఇంగ్లీషు సర్కారుకు ఓ భయం పట్టుకుంది. వేటగాళ్లు తెప్పించుకునే .450 తూటా సామాను తిరుగుబాటుదారుల మార్టినీ-హెన్రీ తుపాకుల్లోకి చేరుతుందేమోనని ఆ సైజును హిందూదేశానికి రానివ్వలేదు. వెంటనే విలాయతు తుపాకీ దుకాణాలు .465, .470, .475, .476 అంటూ వెంట్రుకవాసి తేడాతో కొత్త సైజులు దించాయి. భయం ఒక్కటే, తూటాల కులాలు బోలెడు. మా .500 అంతకంటే పాతకాపు. ఈ సందట్లో దాన్ని పలకరించేవాడే కరువయ్యాడు. వీటికి తూటాలు చేసిపెట్టిన కైనాక్ కంపెనీ కూడా తర్వాత ఆ పని చాలించుకుంది. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చి వేటకు కళ్లెం వేసింది. మంచిదే, పులితో నాకు తగాదా లేదు. మన సర్కారు ఫ్యాక్టరీలు పన్నెండు బోరుకు, .315కు తూటాలు చేస్తాయి. మా వాడికి ఆ తిండి పడదు.

కోరుట్లలో మా వియ్యంకుడి మక్కచేను అడవిపందుల పాలైంది. "బావగారూ, గా బందూకు పట్టుకొని రాండ్రి, ఒక్క మోత చాలు" అని ఫోను చేశాడు. మోత లేదని, ఉన్నా పంది సైతం చట్టం నీడలోనే ఉందని చెప్పాను. "మరి గది మీకెందుకు?" అన్నాడు. మా ఇంటిది రోజూ అడిగేదీ అదే.

సిరిసిల్లలో మరమగ్గాలు బాగుచేసే మిస్త్రీ ధైర్యం చెప్పాడు. "పటేలా, బజార్ల దొరకని మగ్గం సామాను గూడ లేతు మీద తీసిస్త. ఇత్తడి గొట్టం ఎంత పని?" డల్లాస్‌లో ఉన్న మేనల్లుడిది ఇంకో పాట. "మామా, ఈడ పాత సైజుల తూటాలు ఎవరింట్ల వాళ్లే నింపుకుంటరు."

ఇద్దరికీ నా జవాబు ఒకటే. 1959 నాటి ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారుచేస్తే నేరం. అల్లుడికి అన్నం వండితే మామ జైలుకు. చట్టం వదిలినా తుపాకి వదలదు. ఈ .500లో నల్ల తుపాకిమందుది వేరు, నైట్రో మందుది వేరు. మూడంగుళాల ఇత్తడి డొల్ల మాత్రం రెంటికీ ఉంటుంది. నైట్రో తూటా పొరపాటున నల్ల తుపాకిమందుకు చేసిన తుపాకిలో పడితే గండం పందికి కాదు, పేల్చినవాడికి. పైగా ఈ జంట గొట్టాలను ఫలానా గుండు, ఫలానా మందుకు లెక్కగట్టి, రెండు దెబ్బలూ ఒకేచోట పడేలా కుదురుస్తారు. ఆ లెక్క తప్పితే ఒక గుండు కోరుట్లకు, ఇంకోటి సిరిసిల్లకు.

ఇంత నిస్సహాయుణ్ణి పట్టుకుని సర్కారు భయంకరుడంటుంది. ఎన్నికలొస్తే చాలు, ఠాణాలో జమచేయమంటుంది. 2018 డిసెంబరులో అసెంబ్లీ, మరుసటి జనవరిలో పంచాయతీలు, ఏప్రిల్‌లో పార్లమెంటు, మే నెలలో పరిషత్తులు, 2020 జనవరిలో మున్సిపాలిటీలు. ఓటరు వేలికి సిరా ఆరలేదు, నేను దుప్పట్లో చుట్టిన తుపాకీని ఠాణాకు మోయడమూ ఆగలేదు. ఈ గడ్డ మీద తుపాకంటే అనుమానం ఊరికే రాలేదు, ఒప్పుకుంటాను. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలన్నప్పుడు బందూకున్న ఇల్లే అందరికన్నా ఎక్కువ వణికింది. అయితే 1747 నాటి మా ఊరి ఖిల్లా మీద ఫిరంగులు ఎండకు ఎండి వానకు తడుస్తున్నాయి కదా, వాటిని ఏ ఎన్నికకైనా జమచేయమన్నారా?

మినహాయింపు లేకపోలేదు. అదే ఆయుధాల చట్టంలో నలభై ఐదో సెక్షన్ చూడండి. కాలం చెల్లిన నమూనా అయినా, పురాతనమైనదైనా, పాడైపోయినదైనా, బాగుచేసినా సరే పేలని స్థితిలో ఉంటే చట్టం దాని జోలికి రాదు. మా ఖర్మ అక్కడే కాలింది. తాత నూనె రాశాడు, నాన్న తుడిచాడు, నేను గుడ్డ చుట్టాను. గుర్రాలు నేటికీ టక్కుమంటాయి, గొట్టాల్లో మొహం చూసుకోవచ్చు. శుభ్రంగా ఉంది కాబట్టి ఆయుధం. తుప్పు పట్టి ఉంటే గోడకు అలంకారం. మూడు తరాలు బద్ధకించి ఉంటే ఈపాటికి విముక్తి దొరికేది. శ్రద్ధ చూపినందుకు రుసుములు కడుతున్నాం.

కాబట్టి ఘనత వహించిన పెద్దలకు నా మనవి. తూటా ఇప్పించండి, లేదా మా తుపాకీని రిజిస్టరులో 'పొడుగాటి ఇనుము' అని రాసుకోండి. రెండూ కుదరకపోతే, ఎంత తుప్పుకు ఎంత మినహాయింపో ఒక పట్టిక ప్రకటించండి.

ఈలోగా నూనె సీసా దాచేసి, జగిత్యాల వానల మీద భారం వేశాను. దసరా నాడు మా ఇంటిది ఆయుధపూజ అంటూ దాన్ని దించి, జమ్మి ఆకు పెట్టి, ఇంత కొబ్బరినూనె పట్టించి, అద్దంలా తుడిచింది. ఇంకో ఐదేళ్లకు లైసెన్సు దరఖాస్తు నింపుతున్నాను.