సంప్రదాయం గారికి ఎంతిచ్చారు?

ఫ్యూజన్ ఆల్బమ్‌కి ఇప్పుడొక ఖాయమైన కొలత కుదిరింది. జానపద రాక్ పాడే గిటారు గాయకుడొకరు, జాజ్ వేణువు విద్వాంసుడొకరు, ‘ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ కలిశాం’ అని ఒక ప్రకటన, ఎందుకు విడిపోయారో అడగొద్దన్నట్టు ఒక చిరునవ్వు. పైన తాలింపులో కరివేపాకులా గుప్పెడు అడవి. ఆ అడవి చాలాసార్లు ఛత్తీస్‌గఢ్‌లోని బస్తరే అవుతుంది. ‘ఆదిమ స్వరం’, ‘మట్టి వాసన’, ‘సరిహద్దులు చెరిపే సంగీతం’ లాంటి మాటలు కవర్ వెనక రాసేవాళ్ళకి కంఠతా వచ్చు.

ఆ మాటల్ని బాసగూడలో నిలబడి చదవాలి. ఆ బస్తర్‌లోనే, బీజాపూర్ జిల్లాలో తాలిపేరు నది ఒడ్డునున్న ఊరది. ఆ వైపు దోర్ల ఆదివాసుల మాటలో తెలుగు కలగలిసి ఉంటుంది. తాలిపేరు నీళ్ళు దిగువన చర్ల వైపు పారి గోదావరిలో కలుస్తాయి. మిర్చి కోతలొస్తే జనం కూడా తెలంగాణకు దిగుతారు. సరిహద్దు దాటడానికి వీళ్ళకి ఇంతవరకూ ఏ ఆల్బమూ అక్కర్లేకపోయింది.

కలయిక ఆల్బమ్ అంటేనే మోసమని నేననను. అమెరికాలో డాన్ ఫోగెల్‌బర్గ్ అనే జానపద రాక్ గాయకుడు, టిమ్ వైస్‌బర్గ్ అనే జాజ్ వేణువు విద్వాంసుడు కలిసి 1978లో ‘ట్విన్ సన్స్ ఆఫ్ డిఫరెంట్ మదర్స్’ అని ఒక రికార్డు తెచ్చారు. తల్లులు వేరైనా కవలలేనట. సగానికి పైగా మాటల్లేని వాద్యమే, అయినా బిల్‌బోర్డ్ పట్టికలో 8వ స్థానం దాకా పోయింది. 1995లో మళ్ళీ కలిసి చేసినదానికి ‘నో రిజెంబ్లెన్స్ వాట్‌సోఎవర్’ అని పేరు పెట్టారు. పోలికే లేదు పొమ్మన్నమాట! మళ్ళీ కలిసినందుకు కన్నీళ్ళు కార్చకుండా తమ మీద తామే వేసుకున్న ఆ చెణుకు నాకు వాళ్ళ పాటలకన్నా నచ్చింది. ఇంకొకటి గమనించండి. ఆ రెండు ఆల్బమ్‌లూ ఇద్దరి పేర్ల మీదే వచ్చాయి. గాయకుడికి పేరూ ఇంటిపేరూ పెట్టి, వేణువుకి ‘సంప్రదాయం’ అని సరిపెట్టలేదు.

మన దగ్గర సరిపెడతారు. గాయకుడికి పేరు, గిటారుకి పేరు, మిక్సింగ్ చేసినాయనకి పేరు, టీ తెచ్చిన కుర్రాడికి కృతజ్ఞతలు. వేణువు దగ్గరికొచ్చేసరికి ‘బస్తర్ సంప్రదాయ బాణీ’. కేరళకన్నా పెద్దదైన ఉమ్మడి బస్తర్ జిల్లా జనమంతా వరసగా నిలబడి ఒకే గొట్టంలో ఊదినట్టు!

ఊదడం అన్నాను గానీ, తమాషా అక్కడే ఉంది. బస్తర్ వేణువుల్లో బాగా పేరున్న సులూర్‌ని అసలు నోటితో ఊదరు. బాసగూడకి చాలా దూరాన, నారాయణపూర్ వైపు మురియా ఆదివాసులు చేసే వెదురు గొట్టం అది. కాల్చిన ఇనుముతో దాని ఒంటిమీద గీతలూ బొమ్మలూ దిద్దుతారు. చేత్తో పట్టుకుని గాలిలో ఊపితే లోపలికి దూరిన గాలే మోగుతుంది. అడవి దారిన పోయేవాడు దాన్ని ఊపుకుంటూ పోతాడు, ఆ చప్పుడికి జంతువులు తప్పుకుంటాయని. ఇప్పుడు దీన్ని స్టూడియోలో పెట్టండి. దగ్గరగా ఊపితే మైకు పగులుతుంది, దూరంగా ఊపితే వినపడదు. జాజ్ విద్వాంసుడు ఏళ్ళ తరబడి చేసిన ఊపిరి సాధన ఇక్కడ దండగ, కావలసింది భుజబలం. చివరికి సౌండ్ ఇంజనీరు అందుకుంటాడు: ‘ఈ ఎఫెక్ట్ మన సాఫ్ట్‌వేర్‌లో ఉంది సార్.’ అక్కడితో బస్తర్‌తో కలయిక సంపూర్ణం.

ఇది కొత్త జబ్బేం కాదు. స్వీడన్ దర్శకుడు ఆర్నె సక్స్‌డార్ఫ్ బస్తర్‌లో తీసిన 1957 నాటి సినిమా ఇంగ్లీషులో ‘ది ఫ్లూట్ అండ్ ది ఆరో’ అయింది. సంగీతం రవిశంకర్. పులితో ఆడుకునే కుర్రాడిగా గఢ్‌బెంగాల్ ఊరి చెంద్రు దేశదేశాల వాళ్ళకి తెలిశాడు, స్వీడన్ కూడా చూసొచ్చాడు. తిరిగొచ్చి పేదరికంలోనే బతికి 2013లో పోయాడు. అదే గఢ్‌బెంగాల్‌లో సులూర్ చేసే పండీరామ్ మండావీకి 2025లో పద్మశ్రీ ప్రకటించారు. ఢిల్లీ ఆఫీసుకి దొరికిన మనిషి పేరు ఆల్బమ్ కంపెనీకి ఎందుకు దొరకదో!

మనమూ ఏం తక్కువ తినలేదు. 2021లో ‘లవ్ స్టోరీ’ సినిమాలోని ‘సారంగదరియా’ ఊరూరా మోగాక, ఆ జానపదాన్ని సేకరించింది ఎవరన్న పంచాయితీ మొదలైంది. పంచాయితీ రాని పాటలన్నీ ‘ప్రజల పాటలే’. ప్రజలకి రాయల్టీ పంపాలంటే అడ్రసు దొరకదు కదా!

ఇక ‘మళ్ళీ కలిశాం’ సంగతి. 2005లో మావోయిస్టులకి వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక బాసగూడ ఖాళీ అయింది. కొందరు శిబిరాలకి, కొందరు అడవిలోకి, కొందరు అప్పటి ఖమ్మం జిల్లాకి చెదిరిపోయారు. ఏళ్ళు గడిచాక వచ్చినవాళ్ళు వచ్చి మళ్ళీ గూడు కట్టుకున్నారు. ఆ కలయికకి ఏ కంపెనీ టీజర్ వదల్లేదు. ఒకందుకు మంచిదే. వదిలితే వెనకాల సులూర్ ఎఫెక్ట్ పెట్టేవాళ్ళు.

పాఠకులకొక విన్నపం. ఈసారి ఇలాంటి ఆల్బమ్ చెవిన పడితే పాటతో ఆగకుండా పేర్ల జాబితా కూడా తెరవండి. వేణువుకి ఎదురుగా మనిషి పేరుంటే డబ్బిచ్చి వినండి. ‘సంప్రదాయం’ అని ఉంటే కంపెనీకి ఒక్క ముక్క రాసి అడగండి, సంప్రదాయం గారికి పారితోషికం ఎంతిచ్చారని.