ఆరు కిలోవాట్లు

ఫిన్లాండ్ జనాభా 56 లక్షలైతే సౌనాలు దాదాపు 30 లక్షలు. అలాంటి దేశంలో, హెల్సింకీ పక్కన ఎస్పోలో, మన పల్నాడు కుర్రాడు కొన్న పాత ఇంట్లో సౌనా లేదు. అతనికి తల కొట్టేసినట్టయింది. డబ్బిచ్చి చేయిస్తే గొప్పేముందని తానే సుత్తి పట్టాడు.

గోడల్లో రాక్‌వూల్ కూరాడు. ఆవిరి గోడలోకి దిగకుండా అల్యూమినియం ఫాయిల్ పరిచి, అతుకులన్నిటికీ టేపేశాడు. ఫాయిల్‌కీ పైచెక్కకీ మధ్య తడి ఆరడానికి వేలెడు సందు వదిలాడు. బల్లలకి పైన్ చెక్క వద్దన్నాడు పక్కింటి ఫిన్ పెద్దాయన. వేడికి బంక కారి ఒంటికంటుకుంటుందట. ఆల్డర్ చెక్క తెచ్చాడు. ఇక స్క్రూలు. పైనుంచి బిగిస్తే 80 డిగ్రీల వేడిలో ఒక్కో స్క్రూ తలా ఒక్కో వాత పెడుతుంది. అందుకని బల్ల కింద వెల్లకిలా పడుకుని, రంపప్పొట్టు కళ్లలో రాలుతున్నా కిందనుంచే బిగించాడు. (ఊళ్లో ఉన్నప్పుడు బల్బు మార్చాలన్నా మనిషికోసం కబురంపిన బాబే!) పై బల్లమీద కూర్చుంటే పాదాలు పొయ్యి రాళ్లకన్నా ఎత్తులో ఉండాలి, లేకపోతే కాళ్లకి వేడి తగలదు. అదీ టేపు పెట్టి కొలిచాడు. కరెంటు పని ఒక్కటే, చట్టం ఒప్పదు కాబట్టి లైసెన్సున్నవాడికి అప్పగించాడు.

జూన్‌లో రెంటచింతల నుంచి నాన్న ఒక్కరే వచ్చారు. ఆయన చేతే ప్రారంభోత్సవం. తువ్వాలు చుట్టుకుని పై బల్లెక్కారు. పెద్దాయన గరిటెడు నీళ్లు పోయగానే రాళ్లు సుయ్‌మన్నాయి. కొడుకు రెండు నిమిషాలకే కింది బల్లకి దిగాడు. నాన్న కదల్లేదు.

పెద్దాయన ఏదో చెబుతుంటే కొడుకు తెలుగులో చెప్పాడు. "పూర్వం పురుళ్లు సౌనాలోనే పోసేవారట నాన్నా. పోయినవాళ్లకి స్నానం చేయించేదీ ఇక్కడేనట."

నాన్న తలూపారు. కాసేపు హీటర్‌కేసి చూశారు.

"కరెంటు బాగా లాగుద్దేమోరా?"

"ఆరు కిలోవాట్లు! ఉన్న లైను చాలదంటే దీనికోసమే విడిగా త్రీఫేజ్ లాగించా. వైర్లు, బ్రేకర్లు అన్నీ కొత్తవే."

"ఏసీకయితేనో?"

"టన్నున్నరదైతే ఒకటిన్నర. దీంట్లో పావు వంతు నాన్నా, అంతే."

నాన్న మెడమీద చెమట ఒత్తుకున్నారు.

"మీ అమ్మ మంచాన పడ్డ ఎండాకాలం ఏసీ పెట్టిద్దామంటే, పాత వైరింగు, అంత లోడు ఆగదన్నావు. పాపం, నమ్మిందిరా."