చచ్చినా లెక్కలోకి రారు!

ప్లేగు వదిలినందుకు చార్మినార్ కట్టారని పాతబస్తీలో చెప్పుకుంటారు. అప్పుడెందరు పోయారో తెలీదు. కుతుబ్‌షాహీలకు సాయంత్రం బులెటిన్ వదిలే ఆరోగ్యశాఖ లేదాయె. మనకుంది. 2020 ఏప్రిల్ నుంచి 2021 మే దాకా తెలంగాణ మొత్తంలో కొవిడ్ పొట్టన పెట్టుకున్నది 3,275 మందినేనని అది తేల్చేసింది.

ఎవరో ఊరుకోక, సమాచార హక్కు కింద జీహెచ్ఎంసీ ఇచ్చిన మరణ ధ్రువపత్రాల లెక్క అడిగారు. కరోనాకు ముందటి ఏళ్ల సగటు తీసేయగా, అదే కాలంలో ఒక్క హైదరాబాద్‌లోనే అదనంగా పోయినవారు 32,752 మంది. రాష్ట్రం లెక్కకు పదింతలు! బయటూళ్ల రోగులూ ఇక్కడి ఆసుపత్రుల్లోనే పోతారు కదా అని సర్దిచెప్పబోతారేమో. నిజమే, మామూలు ఏళ్లలోనూ వస్తారు, వాళ్లూ ఆ సగటులో ఉన్నారు. లాక్‌డౌన్‌లో డయాలసిస్ అందక పోయినవాళ్లుంటారంటారా? అదీ మహమ్మారి ఖాతాయే.

అసలు తమాషా సుప్రీంకోర్టు పుణ్యాన బయటపడింది. మృతుల కుటుంబాలకు 50 వేలివ్వమంటే, 2022 జనవరి నాటికి సర్కారు లెక్కలో మృతులు 3,993, వచ్చిన దరఖాస్తులు 28,969. లెక్కలో ఉన్నవాళ్లకంటే ఎక్కువమందికి సొమ్ము ముట్టింది కూడా. బులెటిన్ మాత్రం చెక్కుచెదరలేదు.

ఖజానాకు పోయినవాళ్లు, ఆరోగ్యశాఖకు ఉన్నవాళ్లేనన్నమాట. అలాగైతే వాళ్ల వాటా రేషన్ బియ్యం ఎవరు తింటున్నట్టో, కాస్త కనుక్కోండి సార్.